పోయినవాళ్ళ పలక

“నేను రాయలేదంటే రాయలేదు! ఎన్నిసార్లు చెప్పాల నీకు? నా కొడుకును నా చేత్తో నేనే పాడె ఎక్కిస్తానా?”

కారు దిగుతూనే విజయకుమార్ చెవిన పడిన మాట అది. లోపలి నుంచి అక్క పొన్నమ్మ గొంతు. ఆ గొంతు అంత పెద్దగా లేవడం అతను విని నాలుగేళ్ళయింది.

తిన్నె మీద పొన్నమ్మ కోడలు యువరాణి కూర్చుని ఉంది. ఒంటి మీద ఫ్యాక్టరీ కోటు, పక్కన బట్టల సంచి. పొద్దున కంపెనీ వ్యాను వచ్చి, హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయిందట. మొగుడి మేనమామను చూస్తే లేచి నిలబడే పిల్ల ఈ రోజు కదల్లేదు.

“వచ్చినారా చిన్నాయనా,” అంది. “మీ అక్కను అడగండి. నా మొగుణ్ణి చచ్చినోళ్ళలో ఎందుకు చేర్చిందో అడగండి. ఆ మాట విన్నాక నేను కడంబత్తూరుకు, మా అమ్మోళ్ళింటికి పోతాను.”

“ఏందమ్మా ఇది? ఫోన్లో సగం మాట, సగం ఏడుపు. నాకేమీ అర్థం కాలేదు.”

ఆమె చేతిలోని కాగితం అతని ముందు పెట్టింది.

విప్పి చదవక్కర్లేదు. తెల్ల అంచు చూడగానే అదేమిటో అతనికి తెలిసిపోయింది. అతని మనుషులు అచ్చు వేయించి, బడుల ద్వారా ఇంటింటికీ పంపిన పత్రం అది. శరత్‌కుమార్, తండ్రి సుదర్శనం, కే.జీ.కండిగై. ఈ పేరు అంతరిక్షానికి వెళ్ళే పోయినవాళ్ళ పలక మీద చెక్కబడుతుంది. అడుగున విజయకుమార్ సంతకం.

“నిన్న బడి నుంచి నిత్య తెచ్చింది,” అంది యువరాణి. “నాన్న పేరు రాకెట్లో పోతాదంట అని ఎగురుకుంటా వచ్చింది. దానికి ఏడేండ్లు. తెల్ల అంచంటే ఏందో, నీలం అంచంటే ఏందో దానికి యాడ తెలుస్తాది? గోడకు అంటించమని నా ప్రాణం తీసింది.”

విజయకుమార్ తిన్నె మీద ఆమెకు కొంచెం దూరంలో కూలబడ్డాడు.

తెల్ల అంచు, నీలం అంచు అనేవి అసలు పుట్టాల్సినవే కావు. ఆర్నెల్ల కిందట అతను తిరుత్తణి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాడు. బడిపిల్లలు తయారుచేసిన చిన్న ఉపగ్రహం ఒకటి రాకెట్లో వెళ్తోంది, దానికి అరచేతి పాటి పలక బిగిస్తాం, మీ పేర్లు ఇవ్వండి, ఆకాశానికి పంపిస్తాను అని మైకులో చెప్పాడు. ఎవరి పేర్లు అని ఎవరూ అడగలేదు. ఇతనూ చెప్పలేదు. పెద్దవాళ్ళు ఇళ్ళకు పోయి ఆలోచించుకున్నారు. ఆకాశానికి పోయేది ఎవరు? పోయినవాళ్ళే కదా! మొగుడు పోయినామె మొగుడి పేరిచ్చింది. బిడ్డ పోయినామె బిడ్డ పేరిచ్చింది. మొదటి కట్ట విప్పి చూస్తే బతికున్నవాళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి.

మద్రాసు ఆఫీసులో అందరూ నవ్వారు. విజయకుమార్ నవ్వలేదు. రెండు పలకలు చేయండి అన్నాడు. బతికున్నవాళ్ళకొకటి, నీలం అంచు. పోయినవాళ్ళకొకటి, తెల్ల అంచు. మనుషుల్ని మళ్ళీ ఇంటింటికీ పంపి, అడిగి, వేరు చేయించాడు. కాబట్టి పొరపాటున పడ్డ పేరు అనుకోవడానికి వీల్లేదు. ఆ సంగతి అతనికి తెలుసు. యువరాణికీ తెలుసు. అందుకే ఆమె రాత్రంతా నిద్రపోలేదు.

పొన్నమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

“విజయా, నువ్వు చెప్పు. నాకు రాయనొస్తాదా? నా సంతకమే బ్యాంకోళ్ళు మూడుసార్లు పెట్టించుకుంటారు. నేనెట్ల రాస్తాను?”

“రాయను రాకపోతే రాయించి ఉంటావు!” యువరాణి గిర్రున తిరిగింది. “పోయిన నెల అన్నావా లేదా? ఆ చీర కట్టద్దు, ఈ పూలు పెట్టద్దు, ఊళ్ళో నలుగురూ చూస్తా ఉండారని అన్నావా లేదా?”

“అన్నాను. నీ మేలుకే అన్నాను. నోళ్ళు మంచివి కాదే పాపా.”

“మొగుడు ఉండే ఆడది పూలు పెట్టుకుంటే ఎవురి నోరు ఏమి చేస్తాది? నీ మనసులో వాడు చచ్చిపోయినాడు అత్తా. అందుకే అన్నావు.”

“ఆ మాట అనద్దు!” పొన్నమ్మ తలుపు రెక్క పట్టుకుంది. “నువ్వు దినం వాడి చొక్కాలు ఉతికి మడత పెడ్తా ఉండావు. నేను దినం వాడికి ఒక పిడికెడు బియ్యం ఎక్కువ వేస్తా ఉండాను. నాలుగేండ్లు. ఒక్క పూట మానలేదు. చచ్చినోడికి ఎవురన్నా అన్నం వండుతారా?”

ఎదురింటి మనిషి బయటికొచ్చి, ఈ వాలకం చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

పొన్నమ్మ అబద్ధం చెప్పడం లేదని విజయకుమార్‌కు అర్థమవుతూనే ఉంది. అతన్ని చంకన వేసుకొని పెంచిన అక్క ఆమె. ఆమెకు అబద్ధం ఆడడం చేతకాదు.

“నేనొకటి అడుగుతాను చిన్నాయనా,” అంది యువరాణి. గొంతు తగ్గింది. అరిచినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ భయం వేసింది అతనికి. “ఆ దినం మీ కంపెనీ లిస్టులో ఆయన పేరు ఉండింది. మీరు తీయలేదు. ఎందుకు తీయలేదని నేను ఇంతవరకు అడిగినానా?”

“లేదమ్మా.”

“ఇంకా అడగను. ఈ లిస్టులో నుంచి మాత్రం తీసేయండి. నాకు ఇంకేమీ వద్దు.”

విజయకుమార్ తల దించుకున్నాడు.

అతని ఎదుగుదల ఈ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. తిరుత్తణి సర్కారు బళ్ళో చదివాడు. పన్నెండు మంది పనిచేసే ఒక చిన్న కంపెనీలో చేరాడు. అది నాలుగు వేల మంది కంపెనీ అయ్యేసరికి దాని టెక్నాలజీ అంతటికీ పెద్ద అయ్యాడు. అయినా కాపురం ఉన్న తిరువళ్ళూరు వదల్లేదు. ఇప్పటికీ లోకల్ రైల్లోనే మద్రాసు సెంట్రల్‌కు పోయి వస్తాడు. ఉద్యోగం ఒక ఎత్తు, ఆకాశం పిచ్చి ఒక ఎత్తు. చిన్నప్పుడు అక్క దగ్గర పెరుగుతూ ఈ ఇంటి మిద్దె మీద నుంచే, శ్రీహరికోట రాకెట్టు తూర్పున ఎర్రగా గీత గీసుకుంటూ పోవడం చూశాడు. ఆ రోజు నుంచీ మనిషి సగం భూమి మీద లేడు. కారు డిక్కీలో టెలిస్కోపు, శని ఆదివారాలు బడులు, అంతరిక్షం అందరిదీ అని ఉపన్యాసాలు, జిల్లాకొక నక్షత్రశాల కట్టండని మంత్రులకు అర్జీలు. పిల్లలు అతన్ని రాకెట్ సార్ అంటారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా యాభై నాలుగేళ్ళ మనిషి లోలోపల మురిసిపోతాడు.

నాలుగేళ్ళ కిందట కంపెనీ నూట అరవై మందిని తీసేసింది. జాబితా సంతకానికి అతని దగ్గరికే వచ్చింది. అందులో మేనల్లుడు శరత్‌కుమార్ పేరు ఉంది. మామ సిఫార్సు లేకుండా, సొంతంగా పరీక్ష రాసి చేరిన పిల్లవాడు. కొట్టేసే అధికారం విజయకుమార్‌కు ఉంది. నా వాణ్ణి నేను తప్పించుకుంటే మిగతావాళ్ళ ముఖం ఎట్లా చూడను అనుకున్నాడు. అది న్యాయమే. కానీ ఆ సంతకం అతను కార్లో పెట్టాడు, వేలూరులో ఒక బడి అంతరిక్ష ప్రదర్శన ప్రారంభించడానికి పోతూ. మేనల్లుడికి ముందుగా ఒక ఫోను చేసి చెప్పాలన్న సంగతి ఆ సంబరంలో మరిచిపోయాడు. అది న్యాయం కాదు. శరత్‌కు సాయంత్రం మెయిల్ వచ్చింది. మూడు వారాలు ఇంట్లో చెప్పకుండా, టిఫిన్ డబ్బా పట్టుకొని రోజూ తిరుత్తణిలో రైలెక్కుతూనే ఉన్నాడు. నాలుగో వారం సోమవారం పోయినవాడు తిరిగి రాలేదు.

“తీసేయిస్తాను,” అన్నాడు విజయకుమార్. “సాయంత్రం నాలుగు గంటలకు పేర్ల ఫైలు మూసేస్తారు. ఆపైన దేవుడొచ్చినా అక్షరం మార్చలేడు. ఇంకా గంటన్నర ఉండాది. నువ్వు కవలపడద్దు, దిగులు పెట్టుకోవద్దు.”

ఫోను తీసి, పేర్ల జాబితా చూసే కలైవాణికి అక్కడే కలిపాడు. స్పీకరు పెట్టాడు, యువరాణి వినాలని.

“తీసేస్తాను సార్,” అంది కలైవాణి. “అయితే పేరిచ్చినవాళ్ళు వద్దనాల కదా సార్. మీరు పెట్టిన రూలే.”

నిజమే. పోయిన తండ్రి పేరు ఒక కొడుకిస్తే, పంతానికి ఇంకో కొడుకు పోయి కొట్టేయించాడు ఒక ఊళ్ళో. ఆ గొడవ చూసి, ఇచ్చినవాళ్ళే వద్దనాలని ఇతనే నియమం పెట్టాడు.

“ఎవరిచ్చినారు, చూసి చెప్పు.”

“అదే సార్, ఇచ్చినవాళ్ళ గడి ఖాళీగా ఉండాది. ఫారం ఫొటో పంపిస్తాను, మీరే చూడండి.”

ఫొటో వచ్చింది. యువరాణి వంగి చూసింది. “ఇది ఏమి ఎళుత్తు? తమిళం కాదే,” అంది.

తమిళం కాదు. తెలుగు. గుండ్రంగా, విడివిడిగా, తలకట్లు శ్రద్ధగా పెట్టిన అక్షరాలు. యువరాణి ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ బళ్ళో చదివింది తమిళం. ఒక్క అక్షరం గుర్తుపట్టలేదు. పొన్నమ్మకు ఏదీ రాదు. ఊళ్ళో తెలుగు రాయగలిగిన ముసలివాళ్ళు నలుగురో ఐదుగురో మిగిలి ఉంటారు. ఈ ఇంట్లో ఒక్కడే.

విజయకుమార్ లేచాడు.

“బావ యాడ?”

“చేనికాడ,” అంది పొన్నమ్మ. “పొద్దున ఈ రభస మొదలు కాంగానే పార తీసుకొని పోయినాడు. అన్నానికి కూడా రాలేదు. ఎందుకు?”

“ఏమీ లేదక్కా. సుమ్మా, ఊరికే ఒకసారి చూసొస్తాను.”

తొందరలో ఫోను తిన్నె మీదే మరిచిపోయాడు.

* * *

వేరుశనగ చేనికి నీళ్ళు పారుతున్నాయి. మోటారు కొట్టు నీడలో సుదర్శనం పార అడ్డంగా వేసుకొని కూర్చుని ఉన్నాడు. మడవ ఎప్పుడో నిండి, నీళ్ళు పక్క గట్టు మీదుగా పొర్లుతున్నాయి. ఆయన చూడడం లేదు. నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషి నీళ్ళు వృథాగా పోతుంటే చూస్తూ కూర్చున్నాడంటే, విజయకుమార్ అడగాల్సింది ఇంకేమీ మిగల్లేదు.

“వచ్చినావా,” అన్నాడు సుదర్శనం. “కూచో.”

విజయకుమార్ గట్టు మీదే కూర్చున్నాడు. బురద ప్యాంటుకు అంటుకుంది.

“ఆ అక్షరాలు నీవేనా బావా?”

“నావే.” సుదర్శనం కండువాతో ముఖం తుడుచుకున్నాడు. “ఆ కాగితం ఇంటికి తిరిగొస్తాదని నాకు తెలీదు విజయా. ఆకాశానికి పోతాది అంటిరి. సరే, ఆడికి పోయి చదివేదెవురు అనుకున్నాను.”

“వాడు పోయినాడని నీకెట్లా తెలుసు?”

“నేనే కదా కాల్చినాను.”

చెప్పిన తీరు చూస్తే, చేనికి నీళ్ళు పెట్టినాను అన్నట్టే ఉంది. విజయకుమార్‌కు ముందు మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక బావ వైపు తిరిగాడు.

“రెండేండ్లయింది,” అన్నాడు సుదర్శనం. “వరదన్ అని ఒకడు ఫోను చేసినాడు, మన అరక్కోణం పక్క పిల్లోడు. షోలాపూరులో ఏదో గోడౌన్లో వీడూ వాడూ కలిసి పని చేస్తా ఉండినారంట. కామెర్లంట. చూపించుకోలేదు. ఆస్పత్రికి ఎత్తుకొని పోయేసరికే ముదిరిపోయింది అన్నాడు. విత్తనాలు చూసేదానికి అనంతపురం పోతాండానని మీ అక్కకు చెప్పి రైలెక్కినాను.”

“నాకు ఒక మాట చెప్పరాదా బావా? నేను రానా?”

“నీకా?” సుదర్శనం మొదటిసారి అతని వైపు తిరిగాడు. కళ్ళలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని అనిపించింది విజయకుమార్‌కు. “నీకు చెప్తే నువ్వు బతుకుతావా? లిస్టు లిస్టు అని అప్పటికే సగమై ఉండావు. ఒకణ్ణి కాల్చేదానికి పోతా, ఇంకొకణ్ణి చంపమంటావా?”

విజయకుమార్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వేదికల మీద గంటలకు గంటలు మాట్లాడే మనిషి, బావ ముందు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. సుదర్శనం ఊరుకోమనలేదు. ఏడవనిచ్చాడు.

“వాడికి నీ మీద కోపం లేదు,” అన్నాడు కొంతసేపటికి. “వరదన్ చెప్పినాడు. నువ్వు బడుల్లో మాట్లాడతావే, ఆ వీడియోలు దినం ఫోన్లో చూస్తా ఉండేవాడంట. ఈయన మా మామ అని గోడౌన్లో అందరికీ చూపిస్తా ఉండేవాడంట. ఇంటికి పొమ్మంటే మాత్రం, ఏ మొగం పెట్టుకొని పోయేది అనేవాడంట.”

“చాలు బావా. ఇంక చెప్పద్దు.”

“చెప్పనీ. రెండేండ్లు నోరు మూసుకొని ఉండాను. ఈ పొద్దు చెప్పనీ.” పార కామాను రెండు చేతులా పట్టుకున్నాడు. “ఆడనే చెయ్యాల్సింది చేసినాను. కొడుకు చెయ్యాల్సింది నాయనకు. నాయన చేసినాడు కొడుక్కు. ఆడనే గుండు కొట్టించుకున్నాను. అస్థులు ఆడ ఏట్లోనే కలిపేసినాను. ఇంటికి తెస్తే యాడ పెట్టేది? రైల్లో వస్తా ఉంటే, ఈ గుండు చూసి మీ అక్క ఏమి అడుగుతాదో, నేనెట్ల చెప్పేదో అని అదే దిగులు. తిరుత్తణిలో దిగినాను. కొండ మీద దినం ఎంతమంది గుండ్లు కొట్టించుకోరు? చందనం కొని నెత్తికి పూసుకున్నాను. దోవలో ఎవురన్నా అడిగితే మురుగన్ మొక్కు అని చెప్పుకోవచ్చునని. ఇంటికి పోయినాక నిజం చెప్పేద్దామనే వచ్చినాను విజయా. సత్యంగా చెప్పేద్దామనే వచ్చినాను.”

“చెప్పలేదే మరి.”

“వాకిట్లో కాలు పెట్టినాను. మీ అక్క నన్ను చూసింది. నా గుండు, ఆ చందనం చూసింది. మురుగా, నా కొడుకు కోసరం మొక్కు తీర్చుకొని వచ్చినావా అని చెయ్యెత్తి మొక్కింది. నవ్వింది విజయా. వాడు ఇల్లు వదిలిపోయిన రెండేండ్లకు అది నవ్వడం అదే మొదలు. యువరాణీ, పాయసం చెయ్యవే, మీ మామ మొక్కు తీర్చుకున్నాడు, ఇంక వాడొచ్చేస్తాడు అనింది.”

నీళ్ళు గట్టు పొర్లుతూనే ఉన్నాయి.

“ఆ పాయసం తాగినాను,” అన్నాడు. “కొడుకును కాల్చి వచ్చి పాయసం తాగినాను. ఇంకో గ్లాసు పోస్తే అదీ తాగినాను. ఆ దినం చెప్పలేనోణ్ణి ఇంకెప్పుడు చెప్పేది? తిథి పెట్టలేదు. పటానికి దండ వెయ్యలేదు. వాడు పోయినాడని ఈ లోకంలో యాడా రాసి లేదు. మీవాళ్ళు ఫారం ఇచ్చినప్పుడు, ఒక్క చోటన్నా రాసుండాల కదా అనిపించింది. రాసేసినాను. తప్పయింది. తీసెయ్యి. నేనే ఇచ్చినాను, నేనే వద్దంటా ఉండాను.”

విజయకుమార్ ఏదో అనబోయి, బావ చూపు తన వెనక్కి పోవడం గమనించి తిరిగాడు.

మోటారు కొట్టు పక్కన యువరాణి నిలబడి ఉంది. చేతిలో అతని ఫోను.

వచ్చి ఎంతసేపైందో ఇద్దరికీ తెలియదు. ఆమె ముఖంలో రక్తం లేదు. అప్పుడే ఫోను ఆమె చేతిలో మోగడం మొదలుపెట్టింది.

“అమ్మా యువరాణీ...” అని సుదర్శనం లేవబోయి, లేవలేక గోడ పట్టుకున్నాడు.

“రెండేండ్లా మామా?” అంది.

ఆయన తలూపాడు.

“ఆ పాయసం చేసింది నేనే.”

ఇంతే అంది. ఏడవలేదు. సుదర్శనం మట్టిలో కూలబడి తల నేలకు ఆనించాడు, కోడలి కాళ్ళ ముందు. ఆమె వంగి ఆయన్ని లేపలేదు, తప్పుకోనూ లేదు.

ఫోను ఆగి మళ్ళీ మోగింది. యువరాణి దాని వైపు కొత్త వస్తువును చూసినట్టు చూసింది. తర్వాత చెవికి ఆనించుకుంది.

“సార్, మూడున్నర అయిపోయింది. ఆ కండిగై పేరు ఏమి చెయ్యమంటారు? తీసేసేదా?” కలైవాణి గొంతు బయటికే వినిపించింది.

“నేను శరత్‌కుమార్ భార్యను మాట్లాడతా ఉండాను,” అంది యువరాణి. “తీయద్దండి. ఆ పేరు ఆడనే ఉండనీ.”

ఫోను విజయకుమార్ చేతికిచ్చింది. మడవ దగ్గరికి పోయి, నీళ్ళతో ముఖం కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. కోటు విప్పి దాంతోనే తుడుచుకుని, ఇంటి దారి పట్టింది. వెనక మగవాళ్ళిద్దరూ నడిచారు.

* * *

పొన్నమ్మ వాకిట్లోకి ఎదురొచ్చింది. ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసింది. కోడలి తడి జుట్టు చూసింది.

“ఏందే అట్ల ఉండావు? తీసేసినారా లేదా?”

సుదర్శనం పందిరి గుంజ పట్టుకున్నాడు. యువరాణి అత్త ముఖంలోకి సూటిగా చూసింది.

“తీసేసినారు అత్తా.”

“నిజంగానా?”

“నా ముందరే ఫోన్లో చెప్పినారు. ఎవురో తెలీక రాసేసినారంట. పేరు మారిపోయిందంట.”

“చూసినావా! నేను రాయలేదని మొత్తుకుంటా ఉంటే ఇన్లేదు నువ్వు.” పొన్నమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, తిరుత్తణి కొండ ఉండే దిక్కుకు తిరిగి చేతులెత్తింది. “అబ్బ, ఇప్పటికి నిమ్మళంగా ఉండాది నాకు. పాపా, నేనూ ఏమేమో అనేసినాను. మనసులో పెట్టుకోవద్దు. మీ అమ్మోళ్ళింటికి ఇంక పోవు కదా?”

“పోను అత్తా.”

“పా, అన్నం తిందాము. పొద్దున నుంచి ఈ ఇంట్లో ఎవురూ ఒక ముద్ద తినలేదు.”

అత్తాకోడళ్ళు లోపలికి పోయారు. విజయకుమార్ గడప దగ్గరే ఆగిపోయాడు. లోపలికి పోవడానికి కాళ్ళు రాలేదు, కారెక్కి పారిపోవడానికీ రాలేదు. పొన్నమ్మ కంచాలు పెట్టింది. యువరాణి కూర్చుంది. అత్త వడ్డించిన అన్నం కలిపింది. పొద్దున ఇదే మనిషి, నీ మనసులో వాడు చచ్చిపోయినాడని అత్తను నిలదీసింది. ఇప్పుడు అదే అత్త పక్కన కూర్చుని, ఏమీ తెలియని దానిలా ముద్ద నోట్లో పెట్టుకుంది. అది చూడలేక విజయకుమార్ ముఖం తిప్పుకున్నాడు.

“విజయా!” పొన్నమ్మ పిలిచింది. గొంతులో ఉత్సాహం కూడా వచ్చింది. “ఆ బతికినోళ్ళది ఇంకో పలక ఉండాది అన్నావే, నీలంది.”

“ఉండాదక్కా.”

“దాంట్లో వాడి పేరు రాయించు. ఒకసారి చచ్చినోళ్ళలో రాసిన దోషం ఉట్టినే పోదు. బతికినోళ్ళలో రాస్తేనే పోతాది. పేరు ఇచ్చేవాళ్ళు ఎవురు అంటే నేనే అని చెప్పు. వాడి అమ్మ ఇస్తాంది అని చెప్పు. టైం ఉండాదా ఇంకా?”

గోడ గడియారంలో నాలుగు కావడానికి ఏడు నిమిషాలున్నాయి.

సుదర్శనం పందిరి కింద నుంచి, వద్దు అన్నట్టో, రాయించు అన్నట్టో తెలియకుండా చేయి ఎత్తి, మళ్ళీ దించేశాడు. యువరాణి ముద్ద చేతిలోనే పట్టుకొని విజయకుమార్ వైపు చూసింది. ఆమె కళ్ళలో ఏముందో అతనికి చదవడం చేతకాలేదు.

“ఏంరా, అట్ల నిలబడినావు? ఫోను చెయ్యి సీక్రం,” అంది పొన్నమ్మ.

విజయకుమార్ ఫోను చేశాడు. మొదటి రింగుకే కలైవాణి ఎత్తింది.

“చెప్పండి సార్,” అంది.